అత్తగారు ఎంచిన సైలెన్సరు

ఆదివారం పొద్దున్నే కొండ దారి పట్టే బళ్ళలో ఒకదాని మీద ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్ళు కనిపించేవారు. బండి పొడుగాటి క్రూయిజరు మోటారుసైకిలు. ఒళ్ళు విరుచుకుని పడుకున్న పెద్ద పిల్లిలా నేలకు దగ్గరగా సాగి ఉంటుంది. ముందు కూర్చుని నడిపేది కోడలు. వెనక దిండులాంటి ఆనుడు బల్లకు జారగిలబడి కూర్చునేది అత్తగారు. చూసినవాళ్ళు తల్లీకూతుళ్ళనుకునేవారు. కాదు, అత్తాకోడళ్ళని తెలిస్తే మాత్రం మెడ తిప్పి ఇంకోసారి చూసేవారు.

కోడలు ఈత టీచరు. పిల్లలకీ, నీళ్ళంటే వణికే పెద్దవాళ్ళకీ కొలనులో దిగి ఈత నేర్పడం ఆమె పని. రోజులో సగం నీళ్ళలోనే గడిచిపోయేది. తల ముంచినప్పుడు పైనున్న అరుపులూ ఈలలూ అంచులు అరిగిపోయి, గుండ్రంగా, మెత్తగా, ఎక్కడో పక్కింట్లో జరుగుతున్న సంగతుల్లా వినబడేవి. ఆ వినికిడికి ఎంతగా అలవాటు పడిందంటే, ఒడ్డుకి వచ్చాక మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలు కూడా ఆమెకు కాస్త కరకుగానే తోచేవి.

అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరికీ ఊరికీ చేత్తో తీగ తగిలించి మాట కలిపే రోజుల్లో చేరి, ఆ బల్లలన్నీ పీకేసి మిషన్లు పెట్టేదాకా పని చేశారు. వీధిలో ఇప్పటికీ ఆవిణ్ణి ‘హలోగారు’ అనే అంటారు. బతుకంతా ఒకరి మాట ఇంకొకరికి అందించిన మనిషి, తన మాట మాత్రం పొదుపుగా వాడేవారు. ఇంట్లో అవునన్నా కాదన్నా తలకాయతోనే.

ఇక కొడుకు రొట్టెల దుకాణం నడుపుతాడు. ఆదివారం పొద్దున అతనికి పిండిలోంచి చెయ్యి తీసే తీరిక ఉండదు. ఉన్నా బండెక్కే రకం కాదు. “ఆగితే పడిపోయేదాన్ని నేను నమ్మను” అంటాడు. అందుకే ఆదివారాలు ఆడవాళ్ళిద్దరివీ అయిపోయాయి. కొండ మీద ఒక సరస్సు ఉంది. దాని గట్టున టీ అమ్మే ఒక రేకుల గది ఉంది. పోయి, టీ తాగి, నీళ్ళకేసి కాసేపు చూసి రావడం, అంతే వాళ్ళ షికారు.

అసలు సంగతి ఆ దారిలో ఉంది.

ఊరు దాటి చెట్ల నీడలోకి దిగగానే అత్తగారు కునుకు తీసేవారు. మెల్లగా ముందుకు వాలి, తన హెల్మెట్ కోడలి హెల్మెట్‌కి ఆనించేవారు. పొగమంచు దారికడ్డంగా పరదాలా వేలాడుతూ, బండి దగ్గరికొచ్చేసరికి తప్పుకునేది. అలాంటప్పుడు ఒకరోజు ఈత టీచరుకి ఒక గొంతు వినిపించింది. చెవికి కాదు, పుర్రెకే వినిపించినట్టు. హెల్మెట్‌లోంచి హెల్మెట్‌లోకి పాకి, నీళ్ళ కింద వినే మాటలా గుండ్రంగా, అంచుల్లేకుండా.

“అలాంటి నంబరు లేదండీ. మళ్ళీ చూసుకోండి.”

నిద్రలో ఉద్యోగం చేస్తున్నారు పాపం, అనుకుని నవ్వుకుంది. కానీ ఆ తర్వాతి ఆదివారం మరికొన్ని మాటలు రాలాయి. ఏదో పొడుగు వసారా. వసారాలో గొడుగులు బాగుచేసే నాన్న. తెరిచి ఆరబెట్టిన నల్ల గొడుగుల మధ్య దాక్కుని, ఎవరో పడీ పడీ నవ్వడం. “అక్కా, నవ్వకే. వినిపిస్తుందే.” అంతే. మళ్ళీ ఇంజను చప్పుడు.

ఇంటికొచ్చి మొగుణ్ణి అడిగింది. “మీ అమ్మకి అక్కగారున్నారా?”

“లేదే. అమ్మ ఒక్కతే కూతురు. ఏం?”

“ఏం లేదు, ఊరికే.”

మెలకువగా ఉన్న అత్తగారిని అడగడానికి నోరు రాలేదు. నిద్రలో జారిన మాటని పట్టుకుని ఇదేంటని నిలదీస్తే, మళ్ళీ జన్మలో ఆవిడ కునుకు తీయరేమోనని భయం. అందుకని ఆదివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. దారిలో గేరు మార్చినా, బ్రేకు నొక్కినా ఆ మాట చెదిరిపోకుండా, నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నడిపేది.

అయితే బండికి కొండెక్కే ఓపిక లేదు. చూడటానికి అంత మనిషే గానీ, ఇద్దర్ని మోసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడేది. ఒకనాడు గడ్డి లారీ ఒకటి ముందు పాకుతూ పోతోంది. దాటుదామని పక్కకి తీసి యాక్సిలరేటరు మెలితిప్పింది. బండి ఊఁ అంది గానీ కదలదు. ఎదురుగా మలుపు. వెనకనుంచి బస్సు హారను. చేసేది లేక మళ్ళీ లారీ వెనక్కే వచ్చి ఒదిగింది. ఆ మిగతా దారంతా గడ్డిపరకలు మొహాన కొట్టుకుంటూనే ఉన్నాయి.

పైకి చేరాక హెల్మెట్ తీస్తూ అత్తగారు, “దీనికి ఊపిరాడ్డం లేదమ్మాయ్” అన్నారు.

మర్నాడు కొలను పని ముగించుకుని, తడి జుట్టుతోనే మరిది మెకానిక్ షెడ్డుకి పోయింది ఈత టీచరు.

మరిదిని ఊరంతా ‘స్పానరు’ అని పిలుస్తారు. చేతిలో స్పానరు లేకుండా అతన్ని ఎవరూ చూసింది లేదు. భోజనానికి కూర్చున్నా జేబులోంచి ఒకటి తొంగిచూస్తూ ఉంటుంది. ఈ బండి వదినకి అంటగట్టింది అతనే. ఎవరో వేరే ఊరు పోతూ వదిలేసి వెళ్తే తుడిచి, మెరిపించి, “ఇది నీకోసమే పుట్టింది వదినా” అని తాళం చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ దానికి ఏదో ఒకటి చెయ్యాలని చేతులు దురద. ఆమే చెయ్యి పడనివ్వలేదు.

“కొండెక్కడం లేదయ్యా. ఏదైనా చెయ్యి” అనేసరికి అతని మొహం చాటంత అయింది.

“ఈ మాట కోసం ఎన్నాళ్ళుగా కాచుకున్నానో తెలుసా? కూర్చో, కూర్చో.” డబ్బా ఒకటి బోర్లించి, గుడ్డతో తుడిచి కూర్చోబెట్టాడు. “ఇంజను కూడా మనిషే వదినా. గాలి పీల్చాలి, గాలి వదలాలి. కంపెనీవాళ్ళు ఏం చేశారంటే, చప్పుడు రాకూడదని దీని నోటికి దుప్పటి కట్టారు. ఈ సైలెన్సరు చూశావా? లోపల గదులు, గోడలు. పొగ అన్ని గదులూ తిరిగి బయటపడేసరికి నీరసపడిపోతుంది. వదల్లేనివాడు పీల్చలేడు.”

ఆ మాట ఆమెకు ఠక్కున ఎక్కింది. కొలనులో దిగిన ప్రతివాడికీ తను చెప్పే మొదటి పాఠం అదే మరి. నీళ్ళలో మొహం పెట్టి ముందు ఊదెయ్యండి, పీల్చడం దానంతటదే వస్తుంది.

“అయితే ఊదనివ్వు.”

స్పానరు గోడకి వేలాడుతున్న గొట్టాలన్నీ దించి నేల మీద పరిచాడు. పైకప్పు రేకుల్లోని కంతల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా వాటి మీద పడి, షెడ్డంతా నీటి అడుగులా మినుకుమంది. వాటి మధ్య మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటే చూపించాడు. చివరి ముక్క ఒక్కటి మార్చేది ఒక రకం. చప్పుడు కాస్త మారుతుంది, లాగుడు పెద్దగా మారదు. ఇంజను దగ్గర్నుంచీ మార్చేది ఇంకో రకం. అందులో మళ్ళీ రెండు. రెండు సిలిండర్లకీ రెండు పొట్టి గొట్టాలు తిన్నగా, అడ్డూ అదుపూ లేకుండా బయటికి పోయేవి. లేదంటే రెండూ దారిలో కలిసి, ఒకటే గొట్టంగా పోయేది.

“దానికి తోడు గాలి ఫిల్టరు మార్చాలి. గాలి ఎక్కువైతే పెట్రోలు సరిపోదు, కంప్యూటరు పెట్టి ఆ లెక్క సరిచెయ్యాలి. ఇంకా కావాలంటే లోపల కవాటాలు తెరిచే కామ్ ఉంటుంది, అది కూడా...”

“ఆగవయ్యా, ఊపిరి తీసుకో. ఇంజనుకి చెప్పావుగా ఇప్పుడే.”

“సరే. మాటలెందుకు, విను.” పొట్టి గొట్టాలు బిగించిన ఇంకెవరిదో బండిని ముందుకు తోసుకొచ్చి స్టార్ట్ చేశాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడు చెవిలోంచి కాదు, నేల్లోంచి వచ్చింది. అరికాళ్ళ నుంచి మోకాళ్ళకీ, మోకాళ్ళ నుంచి రొమ్ముకీ ఎక్కి, లోపల ఇంకో గుండె మొలిచినట్టు కొట్టుకుంది. చిన్నప్పుడు మొదటిసారి లోతు నీళ్ళలో మునిగి, భయం పోయిన ఆ క్షణం గుర్తొచ్చింది. కళ్ళు తెరిచేసరికి మరిది ఇంజను ఆపేసి, నవ్వుతూ చూస్తున్నాడు.

“ఇది పెడితే వదిన వస్తోందని వీధి చివర్నుంచే తెలుస్తుంది.”

“ముందే తెలియడానికి నేనేమన్నా వానా?” అంది గానీ, మనసు అప్పటికే జారిపోయింది. “పెట్టు. పెట్టి చూద్దాం.”

మరిది గొట్టాలు పెట్టాడు, ఫిల్టరు మార్చాడు. మిగతావి తర్వాత చూద్దామన్నాడు. ఆమె కూడా సరేనంది. ఆ చప్పుడు మోజులో మిగతావేవీ తలకెక్కలేదు.

ఆదివారం వచ్చింది. బండి స్టార్ట్ చేయగానే ఎదురింటి కిటికీ రెక్క దానంతటదే మూసుకుంది. వీధి కుక్క లేచి, ఇది తన వల్ల అయ్యే పని కాదన్నట్టు చూసి, వేరే వీధికి పోయింది. అత్తగారు మాత్రం మామూలుగా ఎక్కి కూర్చున్నారు.

చెట్ల నీడ వచ్చింది. పొగమంచు వచ్చింది. ఈత టీచరు అలవాటుగా వేగం తగ్గించి, తల కాస్త వెనక్కి ఆనించి ఎదురుచూసింది. ఏదీ లేదు. రెండు హెల్మెట్లనిండా ఒకటే హోరు. ఉరుము లోపల కూర్చుని ప్రయాణం చేస్తున్నట్టుంది. మాట కాదు కదా, తన ఆలోచనే తనకి వినబడటం లేదు.

ఎత్తు మొదలయింది. గర్జన పెరిగింది గానీ లాగుడు పెరగలేదు. గట్టిగా మెలితిప్పితే తప్ప కదలదు. మెల్లగా పోతుంటే మునుపటికన్నా నీరసం. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలితే చాలు, వెనక టపటపా పేలుళ్ళు.

ఆ హడావిడిలో ఒకసారి పక్క అద్దంలోకి చూసి ఉలిక్కిపడింది. అత్తగారి నోరు బారెడు తెరిచి ఉంది. ఏదో అరుస్తున్నారు. వెంటనే పక్కకి తీసి ఆపింది.

“ఏమైంది అత్తయ్యా? పిలిచారా?”

“లేదే.” ఆవిడ బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. “పోనీ, పోనీ. ఎందుకాపావు?”

గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, పాపం, చెప్పలేక ఊరుకుంటున్నారు, అనుకుంది కోడలు. మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ అద్దంలో అదే. అరుపు కూడా చెవికి చేరనంత హోరులో, తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ నోరు, గాజు వెనక చేపలా కనిపించింది. ఆ రోజు సరస్సు దగ్గర ఈత టీచరుకి టీ రుచించలేదు. నిద్రపోయే ముసలావిణ్ణి లేపి కూర్చోబెట్టానన్న బాధ ఒకటి. ఆ వసారాలోకి, ఆ గొడుగుల్లోకి దారి మూసేశానన్న బాధ ఇంకా పెద్దది.

మధ్యాహ్నం మొగుడు పిండి మరకలతోనే ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు. “నీ బండి మా దుకాణం ముందునుంచి పోతే బట్టీలో కేకులు కుంగిపోయాయే. ఉబ్బుతున్నవి ఉబ్బుతున్నట్టే ఉలిక్కిపడి కూర్చున్నాయి. గుంటలు పడ్డ కేకులు ఎవరికమ్మను?”

“క్రీముతో పూడ్చి అమ్ము” అన్నారు అత్తగారు. ఆవిడ అంత పెద్ద వాక్యం మాట్లాడటం చూసి మొగుడూ పెళ్ళామూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సోమవారం మళ్ళీ షెడ్డు. సంగతి విని స్పానరు మొహం మాడ్చుకున్నాడు. తన పిల్లని ఎవరో బాగా లేదన్నట్టు ఆ గొట్టాల్ని తడిమాడు.

“నాకు చప్పుడు వద్దు, లాగుడు కావాలి” అందామె. “బండి కొండని మింగెయ్యాలి. కానీ పక్కన ఎవరైనా గొణిగితే వినిపించాలి.”

“పక్కన ఎవరు గొణుగుతారు? అమ్మ ఎక్కగానే నిద్రపోతుందిగా!”

ఈత టీచరు నీళ్ళు నమిలింది. “అదే... ఆవిడ నిద్ర చెడకూడదు.”

ఆ మాట తల్లి మీదికి వచ్చేసరికి అతను మెత్తబడ్డాడు. బుర్ర గోక్కుని, చివరికి రెండు గొట్టాలూ కలిసి ఒకటయ్యేదాన్ని తీశాడు. ఒక సిలిండరు ఊదిన పొగ పోతూ పోతూ రెండోదాని పొగని కూడా చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందట, అందుకే మధ్య వేగంలో లాగుడు బాగుంటుందట. చివర్లో బాఫిల్ అని చిల్లుల గొట్టం ఒకటి దూరుస్తాడు, అది చప్పుడు మింగేస్తుంది. ఈసారి కామ్ కూడా మారుద్దాం, పందేలకి పనికొచ్చేది కాదు, బరువు లాగేది. కంప్యూటరు లెక్క కూడా ఈసారి వదలను, ఆ పేలుళ్ళు పోతాయి, అన్నాడు.

ఆ వారమంతా ఆమె కొలను నుంచి తిన్నగా షెడ్డుకే పోయేది. బోర్లించిన డబ్బా మీద కూర్చుని, జుట్టు ఆరబెట్టుకుంటూ చూసేది. పొట్ట విప్పిన ఇంజనులో నూనె తడి మెరుస్తూ, పొద్దున్న నిద్రలేచిన కంటిలా ఉండేది. అన్నీ బిగించాక మరిది ల్యాప్‌టాప్ ముందేసుకుని, తెర మీద గడుల్లో అంకెలు మారుస్తూ ఇంజను చప్పుడు వింటూ, “ఇంకొంచెం... ఇంకొంచెం” అని దాన్ని బుజ్జగించాడు. ఆమె వెనక్కి పోయి, గొట్టం చివరికి కొంచెం ఎడంగా అరచెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా, సమంగా, తొందర లేకుండా తగిలింది గాలి. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా.

“ఇదీ” అంది.

ఆ ఆదివారం గడ్డి లారీ మళ్ళీ ముందు తగిలింది. ఈత టీచరు అటూ ఇటూ చూసుకుని మెలితిప్పింది. ఎవరో వీపు మీద చెయ్యి వేసి ముందుకు నడిపించినట్టు, బండి లారీ పక్కనుంచి జారిపోయింది. పెద్ద చప్పుడు లేదు. కడుపులోంచి మూలిగినట్టు ఒక గంభీరమైన గొణుగుడు మాత్రం, అంతే. లారీ వెనకబడిపోయింది. దారి ఖాళీ అయింది. మంచు వచ్చి చుట్టుకుంది.

హెల్మెట్‌కి హెల్మెట్ తగిలింది.

“అక్క నవ్వితే వీధి చివరికి వినబడేది” అంది ఆ గొంతు. “ఆడపిల్ల అంత నవ్వకూడదనేవాళ్ళు. ఊళ్ళోకి పాటలవాళ్ళు వచ్చారు. వాళ్ళు వెళ్ళిననాడు ఇంట్లో అక్క లేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఇద్దరు పిల్లలు కాస్తా ఒక్కరయ్యారు. ఎవరడిగినా ఒక్కతే కూతురనేవారు. చెప్పీ చెప్పీ నిజమైపోయింది.”

ఈత టీచరు వేగం ఇంకా తగ్గించింది. బండిని ఒక మలుపు తిప్పింది, ఇంకో మలుపు తిప్పింది.

“నాకు ఎక్స్ఛేంజిలో ఉద్యోగమొచ్చింది. ఒకరోజు బోర్డు మీద దీపం వెలిగింది. ఏ నంబరు కావాలండీ, అన్నా. అవతల ఊపిరి. ఊపిరి చాలదూ నాకు? కానీ ఆపరేటర్లు కబుర్లాడకూడదు. వెనక సూపర్వైజరమ్మ ఎవరి లైన్లో కావాలంటే వాళ్ళ లైన్లో చెవి పెట్టి వినేది. అక్క ఒక నంబరడిగింది. టెలిఫోన్ నంబరు కాదది. మా వసారా ఇంటి తలుపు మీది నంబరు. అలాంటి నంబరు లేదండీ, మళ్ళీ చూసుకోండి, అన్నా. మళ్ళీ చూసుకోండి అంటే మళ్ళీ చెయ్యమని. దానికి తెలిసింది. మళ్ళీ చేసింది. ఏళ్ళ తరబడి చేసింది. నాకు పెళ్ళయిందని కూడా ఆ మాటలోనే చెప్పా. పెద్దాడు పుట్టాడనీ ఆ మాటలోనే చెప్పా. లేదండీ... అని కాస్త సాగదీసి. అది అవతల నవ్వేది. వీధి చివరికి వినబడేలా కాదు, నాకు మాత్రం వినబడేలా.”

మాట ఆగింది. చెట్ల మీదినుంచి మంచు నీళ్ళు టప్పుటప్పున రాలుతున్నాయి. ఈత టీచరు తమాయించుకోలేకపోయింది.

“తర్వాత?”

అనేశాక నాలుక్కరుచుకుంది. వెనక హెల్మెట్ మెల్లగా ఎడమైంది. పైకి చేరేదాకా ఇక ఏ మాటా లేదు.

సరస్సు మీద మంచు ఇంకా లేవలేదు. రేకుల గది ముందు బల్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. టీ వచ్చింది. కోడలు గ్లాసుకేసి చూస్తోంది గానీ తల ఎత్తడం లేదు.

“అత్తయ్యా, క్షమించండి. మీరు నిద్రలో మాట్లాడుతుంటే దొంగతనంగా వింటున్నాను. చాలా రోజుల్నుంచీ.”

అత్తగారు టీ ఊదుకుంటూ తాపీగా చూశారు. “నిద్రా? బండి మీద నిద్రపోతే పడి చావనూ?”

కోడలు చటుక్కున తల ఎత్తింది.

“మెలకువగానే ఉన్నానే పిచ్చిదానా. ఎదురుగా కూర్చుని చెప్పడం నాకు రాదు. మనిషి మొహం చూస్తే మాట గొంతులోనే ఆగిపోతుంది. బోర్డు ముందు కూర్చున్నన్నాళ్ళూ ఎవరి మొహమూ చూడకుండానే మాట్లాడా. నీ వీపు చూస్తే అలా అనిపించింది. వీపు అయ్యో అనదు. కళ్ళనీళ్ళు పెట్టుకోదు. మధ్యలో ప్రశ్నలు వెయ్యదు.” ఒక గుక్క తాగారు. “ఇవాళ వేసిందనుకో.”

కోడలు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది.

“మరి తర్వాత?”

“తర్వాతేముంది, బోర్డులు పీకేశారు. మిషన్లొచ్చాయి. నంబరు తిప్పితే మధ్యలో మనిషి తగలడు. అక్క చేసి ఉంటుంది. ఏ మిషనో సమాధానం చెప్పి ఉంటుంది.”

“వెతుకుదామా అత్తయ్యా? ఇప్పుడైతే...”

“వెతకమన్నానా? వినమన్నా, అంతే. విన్నావు.” అత్తగారు గ్లాసు కింద పెట్టారు. తర్వాత, కొట్లో గాజులు బేరమాడుతున్నంత మామూలుగా అన్నారు. “ఆ మొదటి గొట్టాలు ఎందుకు పీకించావు?”

“మీకు నిద్ర... అంటే, మాట వినబడక. మీరు కూడా ఆపమని అరిచారుగా?”

“ఆపమని ఎవరన్నారు? నాకు భలే నచ్చింది.”

“మరి ఏం అరిచారు?”

“అది నీక్కాదు” అన్నారు అత్తగారు. కోపంగా కాదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసినట్టు. “కొన్ని నువ్వు వినాలి. కొన్ని ఎవరూ వినకూడదు. కానీ నోరారా అనాలి. ఇంట్లో అంటే కొడుకులు డాక్టర్ని పిలుస్తారు. అంత హోరులో అయితే, నాకే వినబడదు. ఎంత హాయిగా ఉందనుకున్నావు!”

ఈత టీచరుకి అద్దంలో కనిపించిన ఎర్రటి బుగ్గలు, మెరిసే కళ్ళు మళ్ళీ కనిపించాయి. ఈసారి వాటిని సరిగ్గా చదువుకుంది.

తిరుగుదారిలో ఇద్దరూ తిన్నగా షెడ్డుకే పోయారు. అత్తగారు బండి దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, చిన్న కొడుకుని పిలిచారు.

“ఒరేయ్, దీనికి రెండు గొంతులు కావాలి. కావలసినప్పుడు గట్టిది, కావలసినప్పుడు మెత్తది. కుదురుతుందా?”

స్పానరు తల్లి కేసీ వదిన కేసీ మార్చి మార్చి చూశాడు. “బాఫిల్ తీసేస్తే గట్టిదే అమ్మా. ఇదిగో, ఈ ఒక్క స్క్రూ విప్పి లాగితే బయటికొస్తుంది. దూర్చి బిగిస్తే మళ్ళీ మెత్తగా. తీసినా పెట్టినా ఇంజను సర్దుకునేలా కంప్యూటర్లో రెండు లెక్కలు పెడతా, బటన్ నొక్కితే మారిపోతుంది. మొదటి గొట్టాలంత మోత రాదు గానీ, తక్కువేం తినదు. కానీ ఇళ్ళ మధ్య తీయకూడదు. పోలీసులు ఊరుకోరు, అన్నయ్య అసలే ఊరుకోడు.”

“ఇళ్ళ మధ్య నాకేం పని?” అని, అత్తగారు అతని జేబులోంచి తొంగిచూస్తున్న పనిముట్లలో కావలసింది లాక్కుని, వంగి ఆ స్క్రూని ఓసారి విప్పి, ఓసారి బిగించి చూసుకున్నారు. ప్లగ్గులు తగిలించీ తీసీ అలవాటైన వేళ్ళు, తడుముకోలేదు.

ఆ పై ఆదివారం, ఊరి చివరి ఇల్లు కూడా దాటాక, అడవి మొదలయ్యే చోట అత్తగారు కోడలి భుజం తట్టారు. బండి ఆగింది. ఆవిడ దిగి, స్క్రూ విప్పి, చెయ్యి కాలకుండా మందపాటి గుడ్డతో బాఫిల్ లాగి, అదే గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని మళ్ళీ ఎక్కారు. ఈత టీచరు బటన్ నొక్కి మెలితిప్పింది. కొండంతా ఒక్కసారి ఒళ్ళు దులుపుకున్నట్టయింది. బండి ఎత్తులోకి దూసుకుపోయింది. మంచు చీలి, రెండు పక్కలా తెల్లగా వెనక్కి కొట్టుకుపోయింది. కొలను అడుగున ఈదుతున్నప్పుడు కలిగే తేలిక ఆమె ఒళ్ళంతా పాకింది. వీపుకి ఆనుకున్న చిన్న శరీరం ఊపిరి నిండా పీల్చుకోవడం, బిగుసుకోవడం, మొత్తం వదిలెయ్యడం తెలుస్తోంది. మళ్ళీ పీల్చుకోవడం. ఏం మాటలో తెలియదు. తెలుసుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు. చేతులు నిబ్బరంగా హ్యాండిల్ మీద ఉంచి, దారి చూసుకుంటూ పోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. స్పానరు చేతులు తిప్పుతూ కామ్ గురించీ, మధ్య వేగంలో లాగుడు గురించీ అన్నకి పాఠం చెబుతున్నాడు. అన్న వినకుండా రొట్టె కోస్తున్నాడు.

“అమ్మా, నువ్వు చెప్పు. బండి ఎలా ఉంది?”

అత్తగారు నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు బొంగురుపోయి, పూర్తిగా కూర్చుంది.

పెద్ద కొడుకు కత్తి కింద పెట్టి కంగారుగా లేచాడు. “చూశావా, చూశావా! ఆ చలిగాలిలో తిప్పొద్దని చెబుతూనే ఉన్నా. జలుబు పట్టింది. వేడినీళ్ళు తెస్తానుండు.” వంటింట్లోకి పరుగెత్తాడు. చిన్నవాడు మెడకి చుట్టుకునే ఉన్ని గుడ్డ ఎక్కడుందో వెతకడానికి పోయాడు.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పళ్ళేల్లోకి చూస్తూ కూర్చున్నారు. చూస్తే నవ్వు ఆగదు. కాసేపటికి అత్తగారు ముందుకి వంగి, కోడలి చెవి దగ్గర గుసగుసగా అన్నారు.

“వచ్చే ఆదివారం బాఫిల్ ఉంచేద్దాం. గొంతు కుదుటపడాలి. అదీగాక, గొడుగుల కింద మేమిద్దరం ఏం చేసేవాళ్ళమో నీకింకా చెప్పలేదు.”

“ఇప్పుడే చెప్పండి.”

“ఎదురుగానా?” అని కళ్ళు పెద్దవి చేసి, రొట్టె ముక్క తుంచుకున్నారు అత్తగారు.